తిరగబెట్టాకే గుర్తొచ్చే ఇమ్యునోథెరపీ

అక్యూట్ ల్యుకేమియా (వేగంగా ముదిరే బ్లడ్ క్యాన్సర్) వచ్చినవారి ఇంట్లో ఇమ్యునోథెరపీ (రోగనిరోధక కణాలతోనే క్యాన్సర్‌ను చంపించే చికిత్స) అన్న మాట మొదట్లో వినిపించదు. కీమో మొదలవుతుంది, రక్తకణాల కౌంట్స్ పడిపోతాయి, జ్వరాలొస్తాయి, ప్లేట్‌లెట్ల కోసం దాతల వేట సాగుతుంది. నెల తిరిగేసరికి చాలామంది రిమిషన్‌లోకి, అంటే మామూలు పరీక్షల్లో జబ్బు కనిపించని స్థితికి వస్తారు. ఆ తర్వాత కొన్ని నెలలకో ఏళ్లకో జబ్బు తిరగబెడితే, అప్పుడు బ్లినటుమొమాబ్, కార్-టీ లాంటి పేర్లు వినపడతాయి. అప్పటికి దాచుకున్న డబ్బు కరిగిపోయి ఉంటుంది, ఒంట్లో సత్తువ కూడా తగ్గి ఉంటుంది. హైదరాబాద్‌లో చికిత్సకు వచ్చే కుటుంబాల్లో చాలావాటి వరస ఇదే. గత పదేళ్ల పరిశోధన మాత్రం ఇందుకు ఎదురు దిశలో నడిచింది. ఒంట్లో జబ్బు ఎంత తక్కువగా ఉన్నప్పుడు వాడితే ఈ మందులు అంత బాగా పనిచేస్తాయని ట్రయల్ తర్వాత ట్రయల్ తేల్చింది. కాబట్టి ఏ మందు అన్నదానికంటే ఎప్పుడు అన్నదే ఇప్పుడు పెద్ద ప్రశ్న. ఇక్కడ దానికి జవాబును మాత్రం వైద్యం కన్నా ఖర్చే ఎక్కువగా నిర్ణయిస్తోంది.

అక్యూట్ ల్యుకేమియాలో ప్రధానంగా రెండు రకాలున్నాయి. పిల్లల్లో ఎక్కువగా కనిపించేది లింఫోబ్లాస్టిక్ రకం, అంటే ఏఎల్ఎల్. పెద్దవాళ్లలో ఎక్కువ మైలాయిడ్ రకం, ఏఎంఎల్. ఇమ్యునోథెరపీ గెలుపు కథలన్నీ దాదాపుగా మొదటి రకానివే, అందులోనూ బీ-కణాల నుంచి పుట్టే బీ-సెల్ ఏఎల్ఎల్‌వే. పత్రికల్లో 'బ్లడ్ క్యాన్సర్‌కు కొత్త మందు' అని వచ్చినప్పుడల్లా ఈ తేడా గల్లంతవుతుంది. ఏఎంఎల్ రోగి బంధువులు కూడా ఆ కత్తిరింపు పట్టుకుని ఆశగా ఓపీకి వస్తారు.

బీ-సెల్ రకానికే ఈ అదృష్టం ఎందుకు పట్టిందంటే, దాని కణాల మీద సీడీ19 అనే ప్రొటీన్ గుర్తు దాదాపు ఎప్పుడూ ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న బీ-కణాల మీదా అది ఉంటుంది. కానీ శరీరంలోని ఇతర ముఖ్య అవయవాల మీద ఉండదు. రక్తకణాలన్నిటికీ మూలమైన మూలకణాల మీదా ఉండదు. సీడీ19 ఉన్న ప్రతి కణాన్నీ చంపేసినా మనిషి బతకగలడు. బీ-కణాలు పోతే యాంటీబాడీల తయారీ తగ్గుతుంది. అవసరమైనవారికి ఇమ్యునోగ్లోబులిన్ ఇంజక్షన్లు ఇస్తూ నెట్టుకురావచ్చు. ఈ వెసులుబాటు మీదే చికిత్స అంతా నిలబడింది.

బ్లినటుమొమాబ్ పనితీరు చాలా సూటిగా ఉంటుంది. ఆ అణువు ఒక కొసతో రోగి టీ-కణాన్ని (శత్రు కణాలను చంపే తెల్లకణాన్ని), మరో కొసతో సీడీ19 ఉన్న క్యాన్సర్ కణాన్ని పట్టుకుని రెంటినీ దగ్గరకు లాగుతుంది. తాకిడి జరిగాక చంపే పని టీ-కణమే చూసుకుంటుంది. ఒంట్లో కొట్లాడగల టీ-కణాలు ఉంటేనే ఈ మందు పనిచేస్తుంది. కీమో మీద కీమో పడి టీ-కణాలు డీలాపడిన మనిషిలో, ఎముక మూలుగ నిండా క్యాన్సర్ ఉన్నప్పుడు ఫలితం తక్కువగా ఉండటంలో వింత లేదు.

అంకెలు చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. అమెరికా ఎఫ్‌డీఏ 2014 డిసెంబరులో ఈ మందుకు మొదటి అనుమతి ఇచ్చింది, తిరగబెట్టిన లేదా కీమోకు లొంగని జబ్బుకు మాత్రమే. 2017లో వెలువడిన టవర్ ట్రయల్‌లో అలాంటి పెద్దవాళ్ల మధ్యస్థ జీవితకాలం (సగం మంది బతికి ఉన్న కాలం) కీమోతో 4 నెలలుంటే, బ్లినటుమొమాబ్‌తో 7.7 నెలలైంది. మెరుగే, కానీ ఇల్లు అమ్ముకోదగ్గ మెరుగు అనలేం. ఆ తర్వాత పరిశోధకులు మందును ముందుకు జరిపారు. పైకి రిమిషన్‌లోనే ఉన్నా సున్నిత పరీక్షలో ఇంకా క్యాన్సర్ కణాల జాడ దొరుకుతున్నవాళ్లకు ఇచ్చారు. బ్లాస్ట్ అనే ఆ అధ్యయనంలో ఒక్క సైకిల్ (ఒక విడత మందు) తర్వాతే 78 శాతం మందిలో ఆ జాడ మాయమైంది. ఇంకా ముందుకు వెళ్లి, జాడ కూడా దొరకని 30 నుంచి 70 ఏళ్లవారికి కీమోతో కలిపి ఇచ్చారు. 2024లో అచ్చైన ఈ1910 ట్రయల్ అది. మూడేళ్ల తర్వాత కీమో మాత్రమే తీసుకున్నవారిలో 68 శాతం బతికుంటే, బ్లినటుమొమాబ్ కలిపినవారిలో 85 శాతం బతికున్నారు. మందు అదే, అణువూ అదే. వాడిన వేళ మాత్రమే మారింది.

పిల్లల విషయంలో ఫలితం ఇంకా స్పష్టంగా వచ్చింది. మామూలు రిస్క్ ఉన్న ఏఎల్ఎల్ పిల్లలకు కీమోతోనే మంచి ఫలితాలున్నాయి కాబట్టి అక్కడ కొత్త మందు చూపించగలిగేది ఏముంటుందన్న అనుమానం ఉండేది. 1,400 మందికి పైగా పిల్లలతో సాగిన ఏఏఎల్ఎల్1731 ట్రయల్‌లో రెండు సైకిళ్ల బ్లినటుమొమాబ్ చేర్చినవారిలో మూడేళ్లకు జబ్బు లేకుండా ఉన్నవారు 96 శాతం, చేర్చనివారిలో సుమారు 88 శాతం. అంటే తిరగబెట్టడం మూడింట రెండొంతుల దాకా తగ్గింది. తేడా ఎంత స్పష్టంగా ఉందంటే ట్రయల్‌లో కొత్తగా పిల్లల్ని చేర్చుకోవడం ముందుగానే ఆపేశారు. ఏడాది లోపు పసికందుల్లో వచ్చే మొండి ఏఎల్ఎల్‌లో కూడా 30 మందితో చేసిన చిన్న అధ్యయనంలో రెండేళ్లకు జబ్బు లేనివారి వాటా 80 శాతం దాటింది. అంతకుముందు అలాంటి పిల్లల్లో అది సగం దగ్గరే ఆగేది.

ఈ చోట మన ప్రాంతానికి సంబంధించిన మాట ఒకటుంది. ఇక్కడ ల్యుకేమియా చికిత్సలో ప్రాణాలు పోయేది జబ్బుతోనే కాదు. కీమో వల్ల తెల్లకణాలు అడుగంటిన రోజుల్లో పట్టుకునే ఇన్ఫెక్షన్లు, యాంటీబయాటిక్స్‌కు లొంగని సూక్ష్మజీవులు, ఊపిరితిత్తుల్లో ఫంగస్ కూడా ప్రాణాలు తీస్తాయి. బ్లినటుమొమాబ్ మూలుగను అంతగా అణచదు, జుట్టు ఊడదు, నోరు పూయదు. కీమోను తట్టుకోలేకపోయిన పిల్లలకు కొన్ని తీవ్రమైన కీమో దశల బదులు దీన్నే ఇచ్చి బ్రిటన్‌లోని వైద్యులు మంచి ఫలితాలు చూశారు. శుభ్రమైన ఏకాంత గదులు తక్కువగా ఉండి, ఒక్కో మంచం పక్కన ఇద్దరేసి అటెండెంట్లుండే వార్డులకు ఇలాంటి మందు అవసరం బోస్టన్ కన్నా హైదరాబాద్‌లోనే ఎక్కువ. ఇది పూర్తిగా సురక్షితమని మాత్రం కాదు. అమెరికా పిల్లల ట్రయల్‌లో కూడా లైన్‌కు (మందు ఎక్కించడానికి రక్తనాళంలో పెట్టే గొట్టానికి) సంబంధించిన ఇన్ఫెక్షన్లు, సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ఒళ్లంతా ముదరడం) పెరగడం కనిపించింది.

లైన్ గొడవకు కారణం ఈ మందు స్వభావమే. ఒంట్లోకి వెళ్లిన రెండు గంటల్లోనే సగం ఖర్చయిపోతుంది. అందుకని చిన్న పంపు ద్వారా రాత్రీపగలూ ఆపకుండా 28 రోజులు ఎక్కించాలి. చేతి నరంలోంచి వేసే పిక్ లైన్ గానీ చర్మం కింద అమర్చే కీమోపోర్ట్ గానీ తప్పనిసరి. మొదటి కొన్ని రోజులు ఆసుపత్రిలో ఉంచి జ్వరం, బీపీ, మాట తడబాటు గమనిస్తారు. తర్వాత బ్యాగ్ మార్పించుకోవడానికి వస్తూ పోతూ ఇంటి దగ్గరే ఉండవచ్చు. ఆదిలాబాద్ నుంచో కర్నూలు నుంచో వచ్చిన కుటుంబానికి 'ఇంటి దగ్గర' అంటే హైదరాబాద్‌లో క్యాన్సర్ ఆసుపత్రి దగ్గరి లక్డీకాపూల్, రెడ్‌హిల్స్ సందుల్లో అద్దెకు తీసుకున్న గది. పంపు అలారం మోగితే అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలో తెలియాలి. అదే లైన్‌లోంచి పొరపాటున ఇంకో మందు నెట్టకూడదని స్థానిక నర్సుకు చెప్పగలగాలి. మందు ధర గురించి అందరూ మాట్లాడతారు గానీ ఈ 28 రోజుల ఏర్పాటు గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ (క్యాన్సర్ కణాల్లో రెండు క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడంతో వచ్చే లోపం) ఉన్న ఏఎల్ఎల్ కథ వేరు. ఇటలీలో జరిగిన డి-ఆల్బా అధ్యయనంలో పెద్దవాళ్లకు దాదాపు కీమో లేకుండా, ఆ లోపం మీద పనిచేసే డాసటినిబ్ మాత్రలు, ఆ తర్వాత బ్లినటుమొమాబ్ ఇచ్చారు. ఏడాదిన్నర తర్వాత 95 శాతం మంది బతికున్నారు. ఒకప్పుడు ఏఎల్ఎల్‌లో అతి చెడ్డ రకంగా లెక్కించిన జబ్బు ఇది. ఈ జోడీలో మాత్రల సగం ఇప్పుడు మనకు భారం కాదు. ఇదే కుటుంబానికి చెందిన ఇమాటినిబ్‌ను హైదరాబాద్ కంపెనీ నాట్కో 2003లోనే వీనాట్ పేరుతో తక్కువ ధరకు తెచ్చింది. డాసటినిబ్‌కూ జెనరిక్స్ ఉన్నాయి. రెండో సగమైన బ్లినటుమొమాబే అందని ద్రాక్ష. మాత్రను నకలు చేసినంత తేలిగ్గా జీవకణాల్లో పెంచే ప్రొటీన్ మందును నకలు చేయలేరు. అలాగని అసాధ్యమూ కాదు. రిటుక్సిమాబ్ అనే ప్రొటీన్ మందుకు మొట్టమొదటి బయోసిమిలర్‌లలో (నకళ్లలో) ఒకటైన రెడిటక్స్‌ను డాక్టర్ రెడ్డీస్ 2007లో తెచ్చింది ఈ ఊరి నుంచే. బ్లినటుమొమాబ్ తయారీదారు ఆమ్‌జెన్ 2025లో హైటెక్ సిటీ వైపు పెద్ద కేంద్రమే తెరిచింది. అయితే అది టెక్నాలజీ, డేటా పనులకు. మందు ధరకూ దానికీ సంబంధం లేదు.

కీమో వైపు చరిత్రలో తెలుగువాడి చెయ్యి ఎలాగూ ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాల తయారుచేసిన ఫోలిక్ ఆమ్ల విరోధులతోనే సిడ్నీ ఫార్బర్ 1948లో పిల్లల ల్యుకేమియాలో తొలి రిమిషన్లు చూపించాడు. అదే కుటుంబంలోని మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ ఏఎల్ఎల్ పిల్లల చికిత్స షీటులో ఉంటుంది, ధర కూడా అందుబాటులోనే ఉంటుంది.

ఇక అందరి నోటా నానే కార్-టీ. ఇందులో రోగి టీ-కణాలను బయటికి తీసి, వైరస్ వాహకం ద్వారా వాటిలో కొత్త జన్యువు చొప్పించి, సీడీ19ను సొంతంగా గుర్తుపట్టేలా మార్చి, పెంచి, తిరిగి ఎక్కిస్తారు. పిల్లల్లో దీన్ని మొదటగా అందుకున్నది 2012లో ఫిలడెల్ఫియాలో ఎమిలీ వైట్‌హెడ్ అనే ఆరేళ్ల పాప. మారిన కణాలు ఒంట్లో రేపిన సైటోకైన్ తుఫానుకు (రోగనిరోధక రసాయనాల ఉప్పెనకు) ఆ పాప వెంటిలేటర్ మీదకు వెళ్లింది. కీళ్లవాతానికి వాడే టోసిలిజుమాబ్ ఇచ్చాక తేరుకుంది. 2021లో కోవిడ్ రెండో వేవ్‌లో హైదరాబాద్ జనం పరుగులు పెట్టి వెతికిన ఇంజక్షన్ అదే. ఇవాళ కార్-టీ ఇచ్చే ఏ ఆసుపత్రి అయినా దాన్ని ముందే సిద్ధంగా ఉంచుకోవాలి.

2017 ఆగస్టులో అమెరికాలో అనుమతి పొందిన టిసాజెన్‌లెక్లూసెల్ అనే కార్-టీ మూడు నెలల్లో 81 శాతం పిల్లల్లో, యువకుల్లో రిమిషన్ తెచ్చింది. అంతకుముందు అన్ని దారులూ మూసుకుపోయినవాళ్లు వీళ్లు. ఏడాది తిరిగేసరికి మళ్లీ సమస్య లేకుండా ఉన్నవారు మాత్రం సగం మందే. ఈ రెండో అంకెను మన ప్రచారంలో ఎవరూ చెప్పరు. అనుమతి వచ్చినప్పుడు ఆ మందు ధర 4,75,000 డాలర్లు, అదీ ఆసుపత్రి ఖర్చు కాకుండా.

భారత్‌లో ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి రూపొందించగా ఇమ్యునోయాక్ట్ తయారుచేస్తున్న నెక్స్‌కార్19 అనే కార్-టీకి 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. ధర 30 నుంచి 40 లక్షల రూపాయలని అప్పట్లో చెప్పారు. విదేశీ ధరతో పోలిస్తే పదో వంతు. తిరగబెట్టిన బీ-సెల్ లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్), ఏఎల్ఎల్ ఉన్న 15 ఏళ్లు, ఆపైబడినవారికి ఆ అనుమతి. అంటే ఏఎల్ఎల్ ఎక్కువగా వచ్చే చిన్నపిల్లలు అందులో లేరు. హైదరాబాద్‌లోని కొన్ని ప్రైవేటు ఆసుపత్రుల్లో ఈ చికిత్స ఇస్తున్నారు. ఇక్కడ ఎఫరెసిస్ యంత్రం (రక్తంలోంచి కావలసిన కణాలను వేరుచేసేది) మీద కణాలు తీసి నవీ ముంబైలోని ల్యాబ్‌కు పంపుతారు. అవి తయారై, పరీక్షలు నెగ్గి, గడ్డకట్టిన స్థితిలో తిరిగొచ్చేసరికి వారాలు పడుతుంది. ఈలోపు జబ్బు ముదరకుండా బ్రిడ్జి కీమో ఇవ్వాలి. తిరగబెట్టిన అక్యూట్ ల్యుకేమియా వారాలు ఆగే జబ్బు కాదు. కణాలు తీసిన ప్రతి ఒక్కరికీ అవి ఎక్కించే రోజు రాదు.

ఎక్కించాక మొదటి రెండు వారాలు కీలకం. జ్వరం మొదలైతే అది సైటోకైన్ జ్వరమా, ఇన్ఫెక్షన్ జ్వరమా తేల్చడం కష్టం. రెంటికీ ఒకేసారి మందు పెడతారు. మెదడు మీద ప్రభావం పడుతోందా అని చూసే పరీక్ష మాత్రం చాలా సాదాది. ఇప్పుడు ఎక్కడున్నారు, ఇది ఏ నెల అని అడుగుతారు. పెన్ను, గడియారం చూపించి పేరు చెప్పమంటారు. వంద నుంచి పదేసి తగ్గిస్తూ లెక్కపెట్టమంటారు. ఒక వాక్యం రాయమంటారు. తెలుగు మాత్రమే వచ్చినవాళ్లు తెలుగులోనే రాస్తారు, నిన్నటి రాత పక్కన ఇవాళ్టి రాత పెట్టి చూస్తారు. అక్షరాలు వంకర్లు పోతే స్కాన్ కన్నా ముందే అది హెచ్చరిక. చదువురాని రోగికి ఏం చేయాలన్నది మాత్రం మొదటి రోజే ఆలోచించి పెట్టుకోవాల్సిన విషయం.

కార్-టీ దెబ్బతినేది రెండు విధాలుగా. ఎక్కించిన కణాలు త్వరగా కనుమరుగైతే జబ్బు పాత రూపంలోనే తిరిగొస్తుంది. లేదంటే, బ్లినటుమొమాబ్‌తోనూ జరిగినట్టే, క్యాన్సర్ కణాలు సీడీ19 గుర్తునే వదిలేసి కొత్త వేషంలో వస్తాయి. అప్పుడు సీడీ19 మీద గురిపెట్టిన మందులేవీ అక్కరకు రావు. సీడీ22 మీద పనిచేసే ఇనోటుజుమాబ్ లాంటివి చూడాలి, దానితో కాలేయానికి రిస్క్ ఉంది. టీ-సెల్ ఏఎల్ఎల్‌కు ఇవేవీ వర్తించవు. పాశ్చాత్య దేశాల కన్నా మన దేశంలో ఆ రకం వాటా ఎక్కువని ఇక్కడి ఆసుపత్రుల లెక్కలు చాలాకాలంగా చెబుతున్నాయి.

ఏఎంఎల్‌లో చిక్కు మొదట్లో చెప్పిన వెసులుబాటు లేకపోవడమే. ఆ క్యాన్సర్ కణాల మీద ఉండే సీడీ33, సీడీ123 ఆరోగ్యకరమైన మైలాయిడ్ కణాల మీద, వాటి మూల కణాల మీద కూడా ఉంటాయి. అన్నిటినీ తుడిచేస్తే మూలుగ ఎండిపోతుంది. బీ-కణాలు లేకుండా బతకవచ్చు గానీ న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్లకణాలు) లేకుండా బతకలేం. సీడీ33కి విషం మోసుకెళ్లే జెంటుజుమాబ్ అమెరికాలో 2000లో వచ్చి, 2010లో వెనక్కి వెళ్లి, మోతాదు మార్చుకుని 2017లో తిరిగొచ్చింది. కొన్ని రకాల ఏఎంఎల్‌లో ఉపయోగం ఉంది. ఎంతో ఆశపెట్టిన మాగ్రోలిమాబ్ అనే మరో మందు పెద్ద ట్రయల్స్‌లో చతికిలపడింది. కాబట్టి రిస్క్ ఎక్కువున్న ఏఎంఎల్‌లో నిజంగా పనిచేసే ఇమ్యునోథెరపీ పాతదే, దాత మూలుగ మార్పిడి. దాత టీ-కణాలు రోగి ల్యుకేమియాను పరాయిదిగా గుర్తించి చంపడమే దాని అసలు బలం. అచ్చంగా ఒకేలా ఉండే కవల నుంచి తీసుకుంటే జబ్బు ఎక్కువగా తిరగబెట్టడమే దానికి రుజువు. కణజాల గుర్తులు సగం మాత్రమే కలిసే తల్లి, తండ్రి, తోబుట్టువు నుంచి కూడా ఇప్పుడు హైదరాబాద్‌లో మార్పిడి చేస్తున్నారు. ఏఎంఎల్ ఇంట్లో కార్-టీ కోసం నిధులు పోగేస్తూ మార్పిడి వేళ దాటిపోనివ్వడం కన్నా నష్టం ఇంకోటి లేదు. నిమ్మరసం, కషాయాలతో 'ఇమ్యూనిటీ పెంచుతాం' అనే వాట్సాప్ వైద్యం సంగతి సరేసరి. ల్యుకేమియాలో లోటు బలానిది కాదు, శత్రువును గుర్తుపట్టడానిది.

డబ్బు దగ్గరికి వస్తే, తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షలకు పెరిగింది. కీమోకు అది పెద్ద ఆసరా. కార్-టీ ధర దానికి మూడు నాలుగింతలు. ముఖ్యమంత్రి సహాయనిధి ఎల్‌ఓసీ (ఆసుపత్రికి ఇచ్చే హామీపత్రం), ఆన్‌లైన్ విరాళాలు, బంగారం, పొలం అన్నీ కలిస్తే గానీ ఆ మొత్తం పోగవదు. అవన్నీ కదిలేది జబ్బు తిరగబెట్టిన భయంలోనే. చికిత్స పరంగా ఆ డబ్బుకు అతి తక్కువ ఫలితం వచ్చే సమయమూ అదే. మొదటి రిమిషన్‌లో రెండు సైకిళ్ల బ్లినటుమొమాబ్‌కు ప్రభుత్వం మూకుమ్మడిగా బేరమాడి ధర కుదిర్చి, ఎంపిక చేసిన రోగులకు ప్యాకేజీగా ఇస్తే, తర్వాత మార్పిడికీ కార్-టీకీ పెట్టే ఖర్చులో కొంత మిగులుతుందన్నది ఆలోచించదగ్గ లెక్క. తక్కువ మోతాదుతో, తక్కువ రోజులతో నెట్టుకొచ్చిన అనుభవాలను కొన్ని భారతీయ ఆసుపత్రులు ప్రచురించాయి కూడా. అవి చిన్న గుంపుల ఫలితాలు, పెద్ద ట్రయల్‌కు ప్రత్యామ్నాయం కావు. అలాంటి ట్రయల్ నడపడానికి కావలసిన రోగుల సంఖ్య ఒక్క రెడ్‌హిల్స్ పరిసరాల్లోనే ఉంది.

కుటుంబం చేయగలిగింది మొదటి నెలలోనే మొదలవుతుంది. ఇండక్షన్ (మొదటి విడత కీమో) ముగిశాక ఎంఆర్‌డీ పరీక్ష (మిగిలిపోయిన క్యాన్సర్ కణాల జాడ వెతికే సున్నిత పరీక్ష) చేశారా, పదివేలలో ఒక కణం దాకా చూడగల ల్యాబ్‌లో చేశారా అని అడగాలి. ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ రిపోర్టు చేతిలో ఉండాలి. మార్పిడి అవసరం పడవచ్చని డాక్టర్ అంటే తోబుట్టువుల, తల్లిదండ్రుల హెచ్ఎల్ఏ పరీక్ష (దాతగా సరిపోతారో చూసేది) రిమిషన్‌లో ఉండగానే చేయించుకోవాలి. జబ్బు తిరగబెడితే, బ్లినటుమొమాబ్ మొదలుపెట్టే ముందే ఆ తర్వాత కార్-టీ ఆలోచన ఉందా అని తేల్చుకోవాలి. ఒకదాని తర్వాత ఒకటి సీడీ19నే గురిపెడితే ఆ గుర్తు పోయే అవకాశం ఉంటుంది. అందుకే కార్-టీకి కణాలు తీసే ముందు ఫ్లో సైటోమెట్రీ (కణాల మీది గుర్తులను లెక్కించే పరీక్ష) మళ్లీ చేయించి, పాత రిపోర్టులోని సీడీ19 శాతంతో పోల్చి చూస్తారు. నిర్ధారణ రోజు నాటి ఫ్లో రిపోర్టు ఫైల్లోంచి పోతే ఆ పోలికకు ఆధారం ఉండదు.